రాజ్యాల పోటీలో గింజే ఆయుధం
(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

ఈ పూట మనం మాట్లాడుకోవాల్సిన అంశం ప్రపంచ రాజకీయాలు, రైతాంగం. ఈ మాట వినగానే మనలో చాలామందికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. తేమ 12 శాతం దాటిందని కొనుగోలు కేంద్రం నుంచి పత్తి బండిని వెనక్కి పంపితే ఏం చేయాలో చెప్పండి గానీ, అమెరికా, రష్యా, చైనాల గొడవ మనకెందుకు అని. న్యాయమైన అనుమానమే. కాబట్టి ఆ పత్తి బండి దగ్గరే మొదలుపెడదాం.

2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం, మనం రష్యా నుంచి చమురు కొంటున్నందుకు వేసిన జరిమానా. అదే నెల 19న మన కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు. తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. బట్టల పరిశ్రమను ఆదుకోవడానికి అన్నారు. ఆదుకోవాల్సిందే, కాదనం. కానీ మన చేలల్లో కాయ పగిలి పత్తి ఇంటికొచ్చే నెలలు సరిగ్గా అవే. ఉక్రెయిన్‌లో యుద్ధం, వాషింగ్టన్‌లో కోపం, ఢిల్లీలో నిర్ణయం, చివరికి దెబ్బ ఆదిలాబాద్ పత్తి రైతు మీద, భీమవరం రొయ్యల రైతు మీద. ఈ గొలుసు ఎలా తయారైందో తెలియకపోతే మనం చివరి కొక్కేన్ని పట్టుకుని పోట్లాడుతూనే ఉంటాం. అందుకే కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

పత్తితో మొదలైన పాఠం

1861లో అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణ రాష్ట్రాల పంట పత్తి. పండించేది బానిసలు, లాభం తినేది భూస్వాములు. అప్పట్లో ప్రపంచాన్ని ఏలుతున్న బ్రిటన్‌లో, లాంకషైర్ మిల్లులకు వెళ్లే పత్తిలో ఐదింట నాలుగు వంతులు దాదాపుగా అక్కడిదే. దాంతో దక్షిణాది భూస్వాములు ఒక లెక్క వేసుకున్నారు. పత్తి ఆపేస్తే బ్రిటన్ మిల్లులు మూతపడతాయి, బ్రిటన్ దిగొచ్చి తమ పక్షాన నిలబడుతుంది అనుకున్నారు. పత్తిని ఓడ ఎక్కించకుండా తామే ఆపుకున్నారు. తర్వాత వద్దామన్నా లింకన్ నౌకాదళం రేవులను దిగ్బంధించింది.

బ్రిటన్ దిగిరాలేదు. ఈజిప్టు వైపు, మన దేశం వైపు తిరిగింది. బొంబాయిలో పత్తి ధర రెండు మూడు రెట్లు పెరిగింది. దక్కనులో, నిజాం పేరు మీద ఉండి ఇంగ్లీషువాళ్లు ఏలుతున్న బేరారులో రైతులు ఉన్న పొలమంతా పత్తి పెట్టారు. అడిగినవాడికల్లా షావుకార్లు అప్పిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది. ధర కుప్పకూలింది. ధర బాగున్న రోజులు చూసుకుని ప్రభుత్వం శిస్తు పెంచింది, ధర పోయాక తగ్గించలేదు. పదేళ్లు తిరిగేసరికి, 1875లో, పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలను తగలబెట్టారు.

ఈ కథలో రెండు సంగతులు గుర్తుపెట్టుకుందాం. పంటను ఆయుధం చేసుకున్నవాళ్లు ఓడిపోయారు, కొనేవాడు వేరే అంగడి వెతుక్కున్నాడు. రెండోది, యుద్ధం తెచ్చిన ధర యుద్ధంతోపాటే పోయింది, అప్పు మాత్రం రైతు ఇంట్లోనే ఉండిపోయింది.

ఓడ వస్తేనే పొయ్యి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ చేతిలోని పెత్తనం అమెరికాకు మారింది. ఎదురుగా సోవియట్ యూనియన్ నిలబడింది. ఈ ఇద్దరి పోటీలో బాంబులు, రాకెట్ల గురించి అందరూ చెబుతారు. గోధుమల గురించి చెప్పేవాళ్లు తక్కువ.

1950ల నాటికి అమెరికా గోదాముల్లో ధాన్యం మేటలు వేసింది. అమ్ముడుపోని ఆ నిల్వలను వదిలించుకోవాలి, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలను తమ వైపు తిప్పుకోవాలి. రెండు పనులకూ కలిపి 1954లో ఒక చట్టం తెచ్చారు. అదే పీఎల్-480. మన దేశం 1956లో ఒప్పందం చేసుకుంది. డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లోనే కట్టొచ్చు. ఏలేవాళ్లకు అది సులువైన దారిలా కనిపించింది. బయటి నుంచి చవగ్గా గోధుమలు వస్తున్నప్పుడు సొంత రైతుకు ధర ఇవ్వాలన్న తొందర ఎవరికుంటుంది? నీటిపారుదలకు, విత్తనానికి, ధరకు దక్కాల్సిన శ్రద్ధ ఓడల రాకకు దక్కింది.

1965లో వానలు తప్పాయి. 1964-65లో దాదాపు 8.9 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి మరుసటి ఏడాది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. అదే ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధం. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందాన్ని పక్కనపెట్టి, కొద్దికొద్దిగా ధాన్యం వదలడం మొదలుపెట్టాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక షరతు. వియత్నాం మీద అమెరికా బాంబులు వేయడాన్ని మన దేశం తప్పుపట్టడం ఆయనకు మింగుడుపడని విషయం. 1966లో మనం దిగుమతి చేసుకున్న ధాన్యం సుమారు కోటి టన్నులు. ఓడ రేవుకొస్తే తప్ప రేషన్ దుకాణం తెరుచుకోని రోజులవి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికో పూట భోజనం మానమని జాతిని కోరారు. 'జై జవాన్ జై కిసాన్' నినాదం పుట్టింది ఆ అవమానంలోంచే.

అయితే ఆ అవమానమే ఏలేవాళ్లకు ఒక సంగతి నేర్పింది. 1965లోనే భారత ఆహార సంస్థ ఏర్పడింది. పంటల ధరలు సిఫారసు చేసే సంఘమూ ఆ ఏడాదే వచ్చింది. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం ఓడల్లో దిగింది. అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఐఆర్-8 వరి మన గోదావరి డెల్టాకు చేరింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు లాంటివాళ్లు దాన్ని పండించి, విత్తనం చేసి, ఊరూరికీ పంచారు. 1970-71 నాటికి దిగుబడి 10 కోట్ల టన్నులు దాటింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో అమెరికా సాయం ఆపేసి, తన నౌకాదళాన్ని బంగాళాఖాతంలోకి పంపినా మన దేశం వెనక్కి తగ్గలేదు. గోదాముల్లో గింజలు లేకపోతే ఆ ధైర్యం అంత తేలిగ్గా వచ్చేదా?

హరిత విప్లవం భూమిని, భూగర్భజలాన్ని, చిన్న రైతును ఏం చేసిందో మన పత్రికలోనే చాలాసార్లు రాసుకున్నాం. ఆ విమర్శను వెనక్కి తీసుకోనక్కర్లేదు. కానీ మద్దతు ధర, సేకరణ, ప్రభుత్వ గోదాములు రైతుకు చేసిన దానం కాదని, దేశం తలెత్తుకోవడానికి కట్టుకున్న గోడలని చెప్పడానికి ఈ చరిత్ర సాక్ష్యం.

గోనెసంచుల నేరం

1972లో సోవియట్ యూనియన్‌లో పంట దెబ్బతింది. వాళ్లు గుట్టుగా అమెరికా ధాన్యం కంపెనీలతో బేరం కుదుర్చుకుని, దాదాపు కోటీ ఇరవై లక్షల టన్నుల గోధుమలు కొన్నారు. అమెరికా పంటలో అది నాలుగో వంతుకు పైనే. ఎంత పెద్ద బేరమో ప్రభుత్వం పసిగట్టేలోపే ఎగుమతి రాయితీ కింద ప్రజల సొమ్ము కంపెనీలకు చేరిపోయింది. ఏడాదిన్నర తిరిగేసరికి గోధుమ ధర మూడింతలు దాటింది. రెండు అగ్రరాజ్యాలూ బేరం చేసుకున్నాయి, కంపెనీలు బాగుపడ్డాయి. గింజలు కొనుక్కుతినే పేద దేశాల నోటి దగ్గరి కూడు ఖరీదైపోయింది.

అలాంటి దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. 1974లో అక్కడ వరదలు వచ్చాయి, బియ్యం ధర చుక్కలంటింది. కొత్తగా పుట్టిన దేశం, చేతిలో విదేశీ డబ్బు లేదు. అమెరికా ధాన్యం మీద ఆశ పెట్టుకుంది. అప్పుడు అమెరికా ఒక అభ్యంతరం లేవదీసింది. మీరు క్యూబాకు గోనెసంచులు అమ్మారు, క్యూబాతో వ్యాపారం చేసేవాళ్లకు మా చట్టం ప్రకారం సాయం ఇవ్వకూడదు అన్నది. జనపనార రైతు పండించిన నారతో చేసిన 40 లక్షల సంచులు, అదీ నేరం. ఇక అమ్మబోమని బంగ్లాదేశ్ ఒప్పుకున్నాక గానీ ధాన్యం కదలలేదు. అది చేరేసరికి కరువు తన పని తాను చేసింది. ప్రభుత్వ లెక్కలోనే పాతిక వేలమందికి పైగా చనిపోయారు. మిగతా అంచనాలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎక్కుపెట్టినవాడికే తగిలింది

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగింది. 1980 జనవరి 4న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సోవియట్‌కు పోవాల్సిన కోటీ 70 లక్షల టన్నుల ధాన్యాన్ని ఆపేశాడు. సోవియట్ పశువులకు దాణా లేకపోతే జనానికి మాంసం దొరకదు, ప్రభుత్వం దిగొస్తుంది, ఇదీ లెక్క. దక్షిణాది భూస్వాములు 1861లో వేసిన లెక్కే ఇది.

ఏమైంది? అర్జెంటీనా గింజలు అమ్మింది. అక్కడ అప్పుడున్నది కమ్యూనిస్టులను వేటాడి చంపుతున్న సైనిక నియంతృత్వం. సోవియట్‌కు ధాన్యం అమ్మడానికి ఆ ద్వేషం అడ్డు రాలేదు, కొనడానికి సోవియట్‌కూ అడ్డు రాలేదు. అఫ్గానిస్తాన్ నుంచి ఒక్క సైనికుడూ వెనక్కి రాలేదు. 1981 ఏప్రిల్‌లో కొత్త అధ్యక్షుడు రీగన్ ఆ నిషేధాన్ని ఎత్తేశాడు. సోవియట్ మీద ప్రేమతో కాదు, అమెరికా రైతుల ఓట్లకు ఇచ్చిన మాట కోసం.

ఆ రైతుల గతి ఏమిటో కూడా చూడాలి. 1970ల్లో ధరలు బాగున్నప్పుడు గట్ల దాకా దున్నండి, ప్రపంచానికి మనమే తిండి పెట్టాలి అని ప్రభుత్వమే వాళ్లను ఎగదోసింది. అప్పు చేసి భూములు, ట్రాక్టర్లు కొన్నారు. తర్వాత వడ్డీ రేట్లు ఆకాశానికెక్కాయి, ఎగుమతులు పడిపోయాయి. 1981, 1986 మధ్య ఐయోవా రాష్ట్రంలో భూమి ధర 60 శాతానికి పైగా కూలింది. బ్యాంకులు పొలాలు వేలం వేశాయి. ఆత్మహత్యలు జరిగాయి. 1979 ఫిబ్రవరిలోనే వేలాది అమెరికా రైతులు గిట్టుబాటు ధర కోసం ట్రాక్టర్లతో వాషింగ్టన్ చేరి, రాజధానిని దిగ్బంధించినంత పని చేశారు. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో మనవాళ్లు ఏడాదిపాటు కూర్చున్నది గుర్తుంది కదా. దేశం వేరు, జెండా వేరు, గోడు ఒక్కటే. మనలో కొందరికి అమెరికా అంటే పడదు, కొందరికి రష్యా అంటే పడదు. కానీ ఏ దేశపు రైతూ మనకు శత్రువు కాడని ఈ ఒక్క సంగతి చాలు గుర్తుచేయడానికి.

సోవియట్ యూనియన్ కూడా నెగ్గలేదు. ఒకప్పుడు గోధుమలు ఎగుమతి చేసిన నేల, 1984-85 నాటికి ఏడాదికి 5 కోట్ల టన్నులకు పైగా ధాన్యం కొనుక్కునే స్థితికి వచ్చింది. పైనుంచి లక్ష్యాలు దిగేవి, కింద రైతు మాట వినేవాళ్లు లేరు. చమురు అమ్మి గింజలు కొన్నారు. 1986లో చమురు ధర పడిపోయింది. తుపాకులకూ రొట్టెకూ ఒకే ఖజానా సరిపోలేదు. 1991లో ఆ రాజ్యం కూలిపోవడానికి చాలా కారణాలున్నాయి, వాటిలో ఖాళీ రొట్టె దుకాణం ఒకటి. విచిత్రమేమిటంటే, పాతికేళ్లు తిరిగేసరికి అదే రష్యా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గోధుమలు అమ్మే దేశమైంది. ఇప్పుడు గింజల ఆయుధం అటు చేతిలో ఉంది.

సోయా చేతులు మారిన తీరు

1973 జూన్‌లో దేశంలో ధరలు పెరుగుతున్నాయని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సోయాబీన్ ఎగుమతులు ఆపేశాడు. కొద్ది వారాల్లోనే సడలించి, శరదృతువుకల్లా ఎత్తేశాడు. కానీ సోయా మీదే బతికే జపాన్‌కు గుండె జారింది. ఒకే దేశాన్ని నమ్ముకుంటే ఎప్పటికైనా ముప్పేనని గ్రహించి, బ్రెజిల్‌లోని సెరాడో బీడు భూముల్లో పెట్టుబడి పెట్టింది. బ్రెజిల్ కూడా 1973లోనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాను నెలకొల్పింది. ఆమ్ల నేలలకు సున్నం వేసి, వేడి ప్రాంతానికి తగిన విత్తనం తయారుచేసి, ఏమీ పండదనుకున్న నేలలో సోయా పండించారు. అడవులు, ఆదివాసుల భూములు దానికి బలయ్యాయి, అది వేరే విషాదం. అధికారం మారిన తీరు మాత్రం చూడండి. ఇవాళ సోయా ఎగుమతిలో బ్రెజిలే మొదటి స్థానం.

2018లో అమెరికా, చైనాల మధ్య సుంకాల యుద్ధం మొదలైంది. చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసి, బ్రెజిల్ వైపు తిరిగింది. తన రైతులను ఆదుకోవడానికి అమెరికా రెండేళ్లలో 2,800 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. 2025లో మళ్లీ అదే కథ. ఆ సెప్టెంబరులో చైనా అమెరికా నుంచి సోయా అసలే దిగుమతి చేసుకోలేదు. అక్టోబరు చివర్లో ఇద్దరు నేతలు కూర్చుని, మళ్లీ కొంటామని ఒప్పందం చేసుకున్నారు. దశాబ్దాల కింద పోయిన నమ్మకం, 2018లో పోయిన అంగడి ఒక్క సంతకంతో తిరిగి రావు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. వాళ్ల ప్రభుత్వం రైతును దెబ్బతీసినా నష్టపరిహారం ఇచ్చింది. మనకు దెబ్బ ఒక్కటే దక్కుతోంది.

మన గుమ్మంలోకి

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. మన వంటింట్లో మొదట తెలిసింది పొద్దుతిరుగుడు నూనె ధర. ఒకప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు ఆ పంట విరివిగా వేసేవాళ్లం. చవక నూనె దిగుమతులకు తలుపులు తెరిచాక గిట్టక మానుకున్నాం. మనం వదిలేసిన పంటను నల్లసముద్రం ఒడ్డున పండించి తెచ్చుకున్నాం, అక్కడ యుద్ధం రాగానే ఇక్కడ మూకుడు ఎండిపోయింది. ఎరువుల సంగతీ అంతే. పొటాష్ మనకు మొత్తం బయటి నుంచే రావాలి. 2022-23లో ఎరువుల రాయితీ దాదాపు రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరింది.

ప్రపంచమంతా గింజలకు ధర పెరిగిన ఆ సమయంలో మన రైతుకు ఆ ధర అందిందా? 2022 మే 13న గోధుమ ఎగుమతి నిషేధించారు. సెప్టెంబరులో నూకల ఎగుమతి, 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకు వెళ్లే మన బియ్యం ఆగిపోయింది. 2024 సెప్టెంబరు చివర్లో గానీ తెల్లబియ్యానికి గేటు తెరవలేదు. దేశంలో పేదవాడికి బియ్యం చవగ్గా దొరకాలి, దానికి మనం ఎప్పుడూ అడ్డు కాదు. కానీ ఆ చవకతనానికి ఖర్చు ఖజానా భరించాలా, వడ్లు అమ్ముకునే రైతు భరించాలా? ధర పెరిగినప్పుడు ఎగుమతి గేటు మూస్తారు, పత్తి చేతికొచ్చినప్పుడు దిగుమతి గేటు తెరుస్తారు. రెండు గేట్ల తాళాలూ మన దగ్గర లేవు. మన ఫిర్యాదు ఇదే.

మనం ఏం అడగాలి

నూట అరవై ఏళ్ల ఈ చరిత్ర చెప్పేది క్లుప్తంగా చూద్దాం. గింజను ఆయుధం చేసినవాడు చివరికి అంగడి పోగొట్టుకుంటాడు. సొంత నిల్వ లేని దేశానికి సొంత మాట ఉండదు. రాజ్యాలు కొట్టుకున్నా, చేతులు కలిపినా, రైతు ఆ బేరంలో కూర్చోకపోతే అతని పంటే బేరసారపు సరుకవుతుంది. అధికారం లండన్ నుంచి వాషింగ్టన్‌కు మారింది, రేపు ఇంకెక్కడికైనా మారొచ్చు. ఎవరు పెద్దన్న అయినా మన పరిస్థితి మారాలంటే మనం అడగాల్సినవి అడగాలి.

ఒకటి, ఏ దేశంతో వాణిజ్య ఒప్పందం చేసుకున్నా పత్తి, పాడి, నూనెగింజలు, పప్పుధాన్యాల మీద సుంకాలు తగ్గించే ముందు రాష్ట్ర శాసనసభల్లో, పార్లమెంటులో చర్చ జరగాలి. సంతకం అయ్యాక పత్రికల్లో చదువుకునే పద్ధతి పోవాలి.

రెండు, పంట చేతికొచ్చే నెలల్లో దిగుమతి సుంకం ఎత్తేయకూడదు. ఎగుమతి ఆపితే, ఆపిన నాటి ధరకూ రైతుకు దక్కిన ధరకూ మధ్య తేడాను ప్రభుత్వమే చెల్లించాలి. అమెరికా తన రైతుకు చేసినది మన ప్రభుత్వం మనకెందుకు చేయదు?

మూడు, మద్దతు ధరకు చట్టబద్ధత కావాలి. 2025-26కి పొడవు పింజ పత్తికి ప్రకటించిన 8,110 రూపాయలు కాగితం మీద కాదు, కాంటా దగ్గర దక్కాలి. కౌలు రైతుకూ దక్కాలి.

నాలుగు, నూనెగింజలు, పప్పులు, ఎరువుల్లో మన ఆధారపడటం తగ్గాలి. దానికి రైతుకు ఉపన్యాసాలు అక్కర్లేదు. ధర గ్యారంటీ ఇస్తే పొద్దుతిరుగుడు మళ్లీ మన చేలల్లోనే తల తిప్పుతుంది.

మిత్రులారా, 1965లో మన పెద్దవాళ్లు ఓడ కోసం ఎదురుచూశారు. ఆ తర్వాత ఓడ అవసరం లేకుండా చేసింది కూడా మన పెద్దవాళ్లే. వాళ్లు నింపిన గోదాములను, వాళ్లు సాధించిన సేకరణను ఇవాళ ఎవరి మెప్పు కోసమో సడలిస్తామంటే మనం ఊరుకోకూడదు. రేపు మనం ఊళ్లకు వెళ్లాక, పత్తి బండి వెనక్కి వచ్చిందని తోటి రైతు వస్తే అధికారిని నిలదీద్దాం. అక్కడితో ఆగకుండా, ఆ బండిని వెనక్కి నెట్టిన చేతులు ఎంత దూరాన ఉన్నాయో కూడా ఆయనకు చెబుదాం.